ల్యాప్‌టాప్ బ్యాటరీకి అకాల వార్ధక్యము

తెలుగునాట ఇంజనీరింగు కళాశాలలో చేరిన పిల్లలకు తల్లిదండ్రులు తొలియేట కొనియిచ్చు వస్తువులలో ల్యాప్‌టాప్ నేడు ముఖ్యమైనది. కొందరు వాయిదాల పద్ధతిమీదను, కొందరు పంట అమ్మిన డబ్బుతోను, కొందరు చీటీ పాడియు దానిని ఇంటికి తెచ్చుచున్నారు. అట్లు తెచ్చిన యంత్రము రెండు వేసవులు గడచునప్పటికి "బ్యాకప్ రావడం లేదు" అనిపించుకొని, మూడవయేట ప్లగ్గు పీకిన కొద్ది నిమిషములకే ఆరిపోవు స్థితికి దిగజారి, నాలుగవయేట ప్రాజెక్టు పని ముమ్మరముగా సాగు వేళకు గోడలో సాకెట్టు ఉన్నచోట తప్ప మరెక్కడను పనికిరానిదగుచున్నది. కంపెనీవారి పనితనము నాసిరకమనియు, ఎలక్ట్రానిక్ వస్తువుల ఆయుర్దాయమే అంతయనియు చెప్పుకొని మనము సమాధానపడుచున్నాము. ఈ సమాధానములో సత్యము కొంచెమే కలదు. బ్యాటరీకి వార్ధక్యము తప్పదు గాని అకాల వార్ధక్యము తప్పించుకొనదగినది. దానిని తెచ్చిపెట్టు కారణములలో ప్రధానమైనవి రెండు: ఒకటి వేడిమి, రెండవది ఎల్లప్పుడును నూటికి నూరు పాళ్లు నింపియుంచుట. ఈ రెండు విషయములను కొనుగోలుదారునకు తెలియజేయు బాధ్యత అమ్మువారియందును, విద్యాలయములయందును, ప్రభుత్వమునందును ఉన్నదని నా దృఢాభిప్రాయము.

ఈ బ్యాటరీ సామాన్యమైన వస్తువు కాదు. 1970ల దశకములో స్టాన్లీ విట్టింగ్‌హామ్ టైటానియం డైసల్ఫైడు పొరల మధ్యకు లిథియం అయానులను పంపి మరల వెలికి రప్పింపవచ్చునని చూపెను. 1980లో ఆక్స్‌ఫర్డులో పనిచేయుచుండిన జాన్ గుడినఫ్ ఆ స్థానమున కోబాల్టు ఆక్సైడును నిలిపి 4 వోల్టుల వోల్టేజిని సాధించెను. 1985లో జపానుదేశమున అకిరా యోషినో, ప్రమాదకరమైన లిథియం లోహమునకు బదులు కర్బన పదార్థమును వాడి, నిత్యోపయోగమునకు తగిన రూపమును దానికి కల్పించెను. 1991లో సోనీ సంస్థ దానిని విపణిలో ప్రవేశపెట్టెను. 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము ఈ మువ్వురకును కలిపి ప్రదానము చేయబడినపుడు గుడినఫ్ వయస్సు 97 సంవత్సరములు. అంతటి వృద్ధాప్యమున ఆ గౌరవము పొందినవారు అంతకుముందు ఒక్కరును లేరు. ఇన్ని సంవత్సరముల తపస్సు ఫలించి మన బల్లమీదికి వచ్చిన ఈ వస్తువును ఎట్లు కాపాడుకొనవలెనో మనకు తెలుగులో నాలుగు మాటలు చెప్పినవారు లేకపోవుట చింతింపదగిన విషయము.

బ్యాటరీ లోపల జరుగు వ్యాపారమును స్థూలముగా నెరిగినచో జాగ్రత్తలన్నియు తమంతట తామే బోధపడును. ఛార్జింగు ఎక్కునపుడు లిథియం అయానులు కోబాల్టు మొదలగు లోహముల ఆక్సైడులనుండి బయలుదేరి, మధ్యనున్న ద్రవమును దాటి, ఆవలి వైపున గ్రాఫైటు పొరలలో చేరును. మనము యంత్రమును వాడునపుడు అవి వెనుకకు మరలును. మొదటిసారి ఛార్జి చేయునపుడే గ్రాఫైటుమీద ఒక పలుచని పొర ఏర్పడును. ఈ పొర లేనిచో బ్యాటరీ పనిచేయజాలదు. అయితే అది సంవత్సరముల తరబడి మెల్లమెల్లగా మందమగుచు, మోయవలసిన లిథియమును తానే కొంత కొంత మింగివేయుచుండును. మింగబడిన లిథియము తిరిగి రాదు. బ్యాటరీ ముసలిదగుట యనగా ముఖ్యముగా ఇదియే. యంత్రమును వాడకుండ బీరువాలో దాచినను ఈ క్షయము ఆగదు. కాని దాని వేగము మాత్రము మన చేతిలో నున్నది.

వేడిమి ఆ వేగమును పెంచును. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగినచో రసాయన చర్యల వేగము ఇంచుమించు రెట్టింపగునని రసాయనశాస్త్ర విద్యార్థులు నేర్చుకొను స్థూల సూత్రము ఒకటి కలదు. రామగుండము, రెంటచింతల వంటి ఊళ్లలో వేసవి పగళ్లు 45 డిగ్రీల చెంతకు చేరుట మనకు క్రొత్త కాదు. ఆపిల్ సంస్థ తన ల్యాప్‌టాప్‌లను 10 నుండి 35 డిగ్రీల మధ్యనున్న పరిసరములలో వాడుడని సూచించుచున్నది. రోహిణి కార్తెలో ఏ.సి. లేని మన గదులు ఆ హద్దును ఉదయము పదిగంటలకే దాటిపోవును. గదియే అంత వేడిగా నున్నపుడు, ప్రాసెసరు ప్రక్కనే ఇరుకున అమరియున్న బ్యాటరీ ఎంత వేడెక్కునో ఊహించుకొనవచ్చును. చల్లని దేశములలో నాలుగైదేండ్లు మన్నిన బ్యాటరీ ఇచ్చట మూడవయేటనే చతికిలబడుచున్నదన్నచో ఈ ఎండల పాత్రను విస్మరింపరాదు.

ఇక రెండవ శత్రువు నిండుదనము. సామాన్యమైన లిథియం సెల్లు పూర్తిగా నిండినపుడు దాని వోల్టేజి 4.2 వోల్టుల వరకు చేరును. ఆ ఎత్తున ఉన్నంతసేపు లోపలి ద్రవము, ఆక్సైడు రెండును ఒత్తిడికి లోనై, అవాంఛిత చర్యలు విజృంభించును. చక్రము బిగుసునట్లు గాలి కొట్టిన సైకిలును మిట్టమధ్యాహ్నపుటెండలో నిలిపినచో ట్యూబునకు ఏ గతి పట్టునో, నిండుగా ఛార్జి చేసి వేడిలో నుంచిన బ్యాటరీకిని అట్టి గతియే పట్టును. బ్యాటరీ పరీక్షా పరికరములు తయారుచేయు కాడెక్స్ సంస్థ తన 'బ్యాటరీ యూనివర్సిటీ' ద్వారా ప్రకటించిన అంచనాలు ఈ సందర్భమున మననము చేయదగినవి: 40 శాతము ఛార్జితో 25 డిగ్రీల వేడిలో సంవత్సరము భద్రపరచిన లిథియం బ్యాటరీకి 96 శాతము సామర్థ్యము మిగులును, నూరు శాతము నింపి 40 డిగ్రీలలో నుంచినచో 65 శాతము మాత్రమే మిగులును. వాడకము ఏమియు లేకయే ఇంత భేదము! నిండుదనము, వేడిమి కూడబలుకుకొన్నచోట బ్యాటరీ బ్రదుకు ఎంత కురుచయగునో ఈ రెండంకెలే చాటుచున్నవి.

అయినను మన ఇండ్లలో జరుగుచున్నది సరిగా ఇదియే. 2020 తరువాత ఇంటినుండి పనిచేయు అలవాటు వ్యాపించినప్పటినుండి, ఉదయము ప్లగ్గున పెట్టిన యంత్రము రాత్రివరకు, కొన్ని ఇండ్లలో రాత్రియు పగలును, నూరు శాతముననే నిలిచియుండుచున్నది. నిండిన పిమ్మట ఛార్జింగు తనంత తానే ఆగును గనుక బ్యాటరీ పగిలిపోవునను భయము అక్కరలేదు. ఛార్జింగు ఆగినను నిండుదనపు ఒత్తిడి మాత్రము ఆగదు. మరికొందరు దీనికి విరుగుడుగా నెలకొక్కసారి బ్యాటరీని పూర్తిగా సున్నకు దించి మరల నింపుచున్నారు. ఈ ఆచారము నికెల్-కాడ్మియం బ్యాటరీల కాలమునాటిది. ఆ బ్యాటరీలకు సగము వాడి నింపినచో సగమునే గుర్తుంచుకొను దోషము ఉండెడిది. లిథియం జాతికి ఆ దోషము లేదు, పైపెచ్చు అడుగంట వాడుట దానికి హానికరము. శాతము చూపు అంకె తప్పుగా కనబడుచున్నపుడు, దానిని సరిదిద్దుటకై ఎప్పుడో ఒకసారి పదిశాతము చెంతకు దించి నింపుట తప్పుకాదు. దానిని వ్రతముగా పెట్టుకొనరాదు.

మరి చేయవలసినదేమి? మొదటిది, ఛార్జింగునకు 80 శాతము చెంత హద్దు పెట్టుట. ఇందులకు క్రొత్త పరికరము కొననక్కరలేదు. సదుపాయము చాల యంత్రములలో ముందే యున్నది. లెనోవోలో కన్జర్వేషన్ మోడ్ అనియు, ఆసుస్‌లో బ్యాటరీ హెల్త్ ఛార్జింగ్ అనియు, హెచ్‌పీలో బ్యాటరీ హెల్త్ మేనేజర్ అనియు, డెల్‌లో ఎల్లవేళల ప్లగ్గున నుంచువారికై ప్రత్యేకముగా ప్రైమరిలీ ఏసీ యూజ్ అనియు దీనికి పేర్లు. ఒకటి కంపెనీవారి యాప్‌లో నుండును, మరియొకటి బయోస్ అను ఆరంభపు అమరికల అడుగున దాగియుండును. ఒకసారి పెట్టినచో ఆ హద్దు చాలవరకు నిలిచియుండును. మరల ఎవరును దానిని తలచుకొననక్కరలేదు.

నూటిలో ఇరువదిపాళ్లు రేపు పోవునను భయముతో నేడే ఆ ఇరువదిని వదులుకొనుట వివేకమా యని కొందరు అడుగుదురు. ప్రశ్న న్యాయమైనది. దీనికి సమాధానము మన వాడుకలోనే కలదు. ఎక్కువమంది ల్యాప్‌టాప్‌లు ఎక్కువ దినములు సాకెట్టు ప్రక్కన బల్లమీదనే యుండును. అట్టి దినములలో మిగిలిన ఇరువది శాతముతో పనియే లేదు. రైలెక్కు నాడో, పరీక్షకు పోవునాడో, రోజంతయు కరెంటు ఉండదని తెలిసిన నాడో హద్దు తీసివేసి నూరు శాతము నింపుకొనుటకు ఎవరును అడ్డుచెప్పరు. నింపి వెంటనే వాడినచో హాని స్వల్పము. ఇంకొకమాట: మన ఇండ్లలో ల్యాప్‌టాప్ ఒక్కరితో ఆగిపోదు. అన్న చదువు ముగించుకొని ఉద్యోగమునకు పోయిన తరువాత అది చెల్లెలి చేతికి వచ్చును, ఆమె పిదప మేనల్లునికి చేరును. ఇంతమంది చేతులు మారవలసిన వస్తువునకు ఒక్కొక్క సంవత్సరము ఆయుర్దాయము పెరిగినను ఆ కుటుంబమునకు అది సొమ్ము మిగిలినట్లే.

తమ యంత్రము ఏ స్థితిలో నున్నదో తెలిసికొనుట ప్రతివారికిని సాధ్యము. విండోస్ వాడువారు కమాండ్ ప్రాంప్ట్ తెరచి, పవర్‌సీఎఫ్‌జీ అను మాటను, ఒక ఖాళీ విడిచి ఏటవాలు గీతతో బ్యాటరీరిపోర్ట్ అను మాటను ఇంగ్లీషు అక్షరములలో కొట్టి ఎంటర్ నొక్కినచో, ఒక నివేదిక తయారై ఏ ఫోల్డరులో నున్నదో తెరమీదనే కనబడును. అందులో చూడవలసిన వరుసలు రెండు: డిజైన్ కెపాసిటీ యనునది ఫ్యాక్టరీనుండి వచ్చిననాటి సామర్థ్యము, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ యనునది నేటి సామర్థ్యము. మొదటిచోట 50,000 మిల్లీవాట్ గంటలును రెండవచోట 40,000 ఉన్నచో, ఆ బ్యాటరీకి నూటికి 80 పాళ్లు మిగిలినదన్నమాట. కొన్ని యంత్రములలో సైకిల్ కౌంట్ అను అంకెయు కనబడును. ఒకనాడు 60 శాతము, మరునాడు 40 శాతము వాడినచో రెండును కలిసి ఒక్క సైకిలుగా లెక్కకు వచ్చును. సైకిళ్లు కొద్దిగానే యుండి సామర్థ్యము మాత్రము బాగుగా తగ్గియున్నచో, ఆ బ్యాటరీ వాడకమువలన కాక వేడిమివలనను నిండుదనమువలనను క్షీణించినదని అనుమానింపవచ్చును. ఆరునెలల కొకసారి ఈ నివేదికను చూచుకొనువాడు మోసపోడు.

చేయవలసినవానిలో రెండవది, వేడి బయటికి పోవుదారి మూయకుండుట. హాస్టలు గదులలో పరుపుమీదను, దిండుమీదను ల్యాప్‌టాప్ పెట్టుకొని రాత్రి తెల్లవార్లు సినిమాలు, ఆటలు సాగించుట సర్వసాధారణము. ల్యాప్‌టాప్‌లు చాలవరకు అడుగునుండియే గాలి పీల్చును. పరుపు ఆ రంధ్రములను మూసివేయగా ఫ్యాను గొంతెత్తి అరచుచుండును, అడుగుభాగము చేయి పెట్టలేనంతగా కాలుచుండును. ఒక చెక్క పలకయైనను, గట్టి అట్టయైనను క్రింద పెట్టుకొన్నచో ఈ బాధ తీరును. మన వీధుల దుమ్ము ఫ్యాను రెక్కలకును, వేడి పంచు రాగిగొట్టముల చివరనున్న పలుచని రేకులకును పేరుకొని గాలిని ఆపివేయును గనుక, ఏడాదికొక్కసారి వేసవికి ముందే తెలిసినవానిచేత శుభ్రము చేయించుట మేలు. ఎండలో నిలిపిన కారులో ల్యాప్‌టాప్ సంచిని వదలి పెండ్లికి పోవుట, ఛార్జింగులో పెట్టి గంటలకొలది ఆటలాడుట, స్లీప్‌లో నున్న యంత్రమును సంచిలో కుక్కి ప్రయాణము చేయుట బ్యాటరీకి చేటు తెచ్చు పనులు. వేసవి సెలవులకు యంత్రమును వాడక విడిచిపెట్టువారు, సగము ఛార్జి యుంచి, పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఇంటిలో చల్లని మూలను భద్రపరుపవలెను.

సికింద్రాబాదులో చినాయ్ ట్రేడ్ సెంటరు పరిసరములలో మరమ్మతు దుకాణములు బారులుతీరి యుండును. అట్టి దుకాణముల బల్లలమీదికి తరచు వచ్చు రోగము ఒకటి కలదు. యజమాని "టచ్‌ప్యాడ్ నొక్కుకోవడం లేదు, పైకి లేచింది" అని చెప్పును. మెకానిక్ అడుగుమూత మరలు విప్పగానే, పలుచగా ఉండవలసిన వెండిరంగు సంచి లోపలి వాయువులతో దిండువలె ఉబ్బి, టచ్‌ప్యాడును క్రిందినుండి పైకి నెట్టుచు కనబడును. అట్టి బ్యాటరీని మరల ఛార్జి చేయరాదు, సూదితో గ్రుచ్చరాదు, నొక్కి సరిచేయ ప్రయత్నింపరాదు. చెత్తకుండీలో పారవేయుట మరింత అపాయము, ఏలన లోపలి ద్రవము మండు స్వభావము గలది. వెంటనే యంత్రమును ఆపి, తెలిసినవానిచే తీయించి, సేకరణ కేంద్రమునకు అప్పగింపవలెను. బ్యాటరీనిగాని ఛార్జరునుగాని క్రొత్తది కొనునపుడు చవుకకు ఆశపడి ముద్రలేని సరకు కొనరాదు. భారతదేశమున ఈ వస్తువులకు భారత ప్రమాణ సంస్థ రిజిస్ట్రేషను తప్పనిసరి. ఆ ముద్రయు సంఖ్యయు చూచి కొనుట కొనువాని హక్కు.

ఇంతవరకు చెప్పినది గృహస్థుని ధర్మము. దీనితో కథ ముగిసినదనుట న్యాయము కాదు. వెనుకటి ల్యాప్‌టాప్‌లకు అడుగున గొళ్లెము నొక్కినచో బ్యాటరీ చేతికి ఊడివచ్చెడిది. క్రొత్తది కొని ఎవరికివారే అమర్చుకొనెడివారు. ఆ పిమ్మట కంపెనీవారు, యంత్రము పలుచనగుటకై బ్యాటరీని లోపల బిగించి, కొన్నిటియందు జిగురుతో అంటించి, మార్చుటను కష్టసాధ్యము చేసినారు. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన బ్యాటరీల శాసనము ప్రకారము 2027 ఫిబ్రవరి 18 నుండి అచ్చట అమ్ము పరికరములలోని చిన్న బ్యాటరీలను, కొన్ని మినహాయింపులు తప్ప, వాడువాడే తీసి మార్చుకొనునట్లు తయారుచేయవలెను; ఆ నమూనా అమ్మకము ఆగిన తరువాత అయిదేండ్లవరకు విడి బ్యాటరీలను సరసమైన ధరకు అందుబాటులో నుంచవలెను. మనదేశమున 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కు పోర్టలును ప్రారంభించినది. అది మంచి ఆరంభమే గాని, తయారీదారుని బంధింపగల చట్టము కాజాలదు. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నియమావళి, పాత బ్యాటరీలను తిరిగి సేకరించి పునర్వినియోగమునకు పంపు బాధ్యతను తయారీదారులపై నుంచినది. వినియోగదారుడును వానిని ఇంటి చెత్తతో కలపరాదని శాసించినది. ఆ సేకరణ పెట్టె మన మండల కేంద్రములలో ఎన్నిచోట్ల కనబడుచున్నదో పాఠకులే పరికించి చూడవచ్చును.

ఈ జాగ్రత్తకు మన ఇంటి గడప దాటిన అర్థము కూడ ఒకటి కలదు. ప్రపంచమున గనులనుండి వెలువడు కోబాల్టులో అధికభాగము ఒక్క కాంగో దేశమునుండియే వచ్చుచున్నది. అచ్చటి చిన్న గనులలో బాలురు సైతము ప్రాణములకు తెగించి మట్టి త్రవ్వుచున్న వార్తలు లోకవిదితములు. మనము అశ్రద్ధతో రెండేండ్లలో పాడుచేసిన బ్యాటరీకి బదులు మరియొకటి కొనునపుడు ఆ శ్రమకే మరల గిరాకి కల్పించుచున్నాము. అయిదేండ్లు మన్నించుకొన్నచో ఆ మేరకు భూమికిని, మనుష్యులకును మేలు చేసినవారమగుదుము.

కావున నేను కోరునవి మూడు. ల్యాప్‌టాప్ అమ్ము ప్రతి దుకాణదారుడును బిల్లు చేతికిచ్చుటకు ముందే 80 శాతపు హద్దును తానే పెట్టి, దానిని ఎట్లు తీయవలెనో కొనువానికి తెలుగులో చూపవలెను. కంపెనీలు ఆ హద్దుతోనే యంత్రములను పంపినచో మరియు మంచిది. ఇంజనీరింగు, డిగ్రీ కళాశాలలు మొదటి సంవత్సరము మొదటి వారములో ఒక్క గంట ఈ విషయమునకు కేటాయింపవలెను. కేంద్ర ప్రభుత్వము, బ్యాటరీ మార్పును వాడువానికి సులభము చేయు శాసనమును ఐరోపావలెనే మనకును తేవలెను. వీటిలో మూడవది ప్రభుత్వముచేత కావలసినది, ఆలస్యము కావచ్చును. మొదటి రెండింటికి డబ్బు అక్కరలేదు, శ్రద్ధ చాలును. పాఠకులు మాత్రము ఎవరికొరకును ఎదురుచూడక ఈ రాత్రియే తమ ల్యాప్‌టాప్ తెరచి, నివేదిక చూచుకొని, హద్దు పెట్టుకొని, పరుపుమీది యంత్రమును బల్లమీదికి మార్చుకొందురుగాక.